పిల్‌బీమ్ టవర్స్ ముందరి ఐదు మెట్లు

పిల్‌బీమ్ టవర్స్,
క్లిఫ్ రోడ్డు, ఆర్మ్‌కోంబ్.
2 నవంబరు 1984.

పట్టణ కౌన్సిల్‌లో పాత కట్టడాల సంగతి చూసే అధికారి గారికి,

అయ్యా,

నా పేరు హెస్టర్ పిల్‌బీమ్. వయసు డెబ్బై ఆరు. మా అక్క డోర్కస్‌కి ఎనభై. మా తాత దగ్గుబిళ్ళలు అమ్మి కట్టిన ఈ ఇంట్లోనే ఇద్దరం పుట్టాం. పెళ్ళి జోలికి పోకుండా ఇక్కడే ముసలివాళ్ళమయ్యాం. కిందటి నెల అక్క మార్మలేడ్ సీసా అందుకుందామని స్టూలెక్కి, కింద పడి, తుంటి విరగ్గొట్టుకుంది. ఎక్కొద్దే అని నేను అరుస్తూనే ఉన్నాను. "నువ్వు అరవకపోతే పడేదాన్నే కాదు" అని అంబులెన్సులో కూడా పోట్లాడింది.

ఆపరేషన్ బాగానే అయింది కానీ ఇక చక్రాల కుర్చీయే గతి. నెలాఖరులోగా ఆ కుర్చీ ఇంట్లోకి వెళ్ళే దారి చూపిస్తే అక్కని ఇంటికి పంపిస్తామని డాక్టర్ అన్నాడు. లేకపోతే ముప్ఫయ్యో తారీకున బ్యారోఫీల్డ్‌లోని వృద్ధుల ఆశ్రమానికి పంపేస్తారట. అక్కడికి వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. ఈ ఆసుపత్రి రోజులు పక్కన పెడితే, పుట్టి బుద్ధెరిగాక అక్కా నేనూ విడివిడిగా ఉన్నది పదకొండు రోజులే. అప్పుడు తను ఇటలీ వెళ్ళింది. అక్కడి గోపురాలు మా ఇంటి గోపురమంత బాగా లేవని విసుక్కుంటూ తిరిగొచ్చేసింది.

విషయం చిన్నది. ముందు వాకిలికి ఐదు మెట్లున్నాయి. వాటి మీద చెక్క ర్యాంపు వేయించాలి. ఒక్క మేకు కూడా ఇంటికి కొట్టం. ఈ ఇల్లు 1974 నుంచి రక్షిత కట్టడం కాబట్టి మీ చెవిన ఒక మాట వేయమని వడ్రంగి అన్నాడు. వేశాను. వచ్చే గురువారం పని మొదలు.

ఇట్లు,
మీ విధేయురాలు,
హెస్టర్ పిల్‌బీమ్.

తా.క. వెనక గుమ్మం వాడుకోమని సలహా ఇవ్వకండి. అక్కడ పదకొండు మెట్లున్నాయి. పనివాళ్ళకి వ్యాయామం మంచిదని మా తాత నమ్మకం.


పట్టణ కౌన్సిల్, ఆర్మ్‌కోంబ్.
5 నవంబరు 1984.

మిస్ పిల్‌బీమ్ గారికి,

గురువారం పని మొదలుపెట్టకండి. పెడితే నేరం.

పిల్‌బీమ్ టవర్స్ 1868లో కట్టిన రెండో తరగతి రక్షిత కట్టడం. మూడు రంగుల ఇటుక, ఇటలీ తరహా గోపురం, చర్చి ద్వారంలాంటి వాకిలి, పద్నాలుగు మెలితిరిగిన పొగగొట్టాలు, వాకిలి పైన నోరు తెరిచిన మీ తాతగారి రాతి ముఖం (వాననీరు అందులోంచి పడుతుంది). ఏ ఒక్క శైలికీ కట్టుబడకపోవడమే దీని విశిష్టత అని మా జాబితాలో ఉంది. మీరు చెప్పే ఐదు మెట్లకీ ఎదురు భాగాన గసగసాల పువ్వుల బొమ్మలున్న రంగు పలకలున్నాయి. ర్యాంపు వేస్తే ఆ పువ్వులు కనబడవు.

కాబట్టి దరఖాస్తు పెట్టుకోవాలి. ఏదైనా సరే, నాలుగు నకళ్ళు ఉంటేనే అది దరఖాస్తు. నిర్ణయానికి ఎనిమిది వారాలు పడుతుంది.

మీ అక్కగారు త్వరగా కోలుకోవాలని ఆశిస్తూ,
లయొనెల్ టక్‌వెల్,
కట్టడాల పరిరక్షణ అధికారి.

తా.క. పదకొండో గడిలో "శాశ్వతమా, తాత్కాలికమా" అని ఉంటుంది. అది ర్యాంపు గురించి. మీ అక్కగారి గురించి కాదు. ఇదివరకు ఒకరు పొరబడ్డారు.


పిల్‌బీమ్ టవర్స్.
6 నవంబరు 1984.

నాయనా టక్‌వెల్,

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. డాక్టర్ ఇంటికి పొమ్మంటుంటే నువ్వు గుమ్మంలో నిలబడి కాలు అడ్డం పెడుతున్నావు.

ఎనిమిది వారాలంటే జనవరి. ముప్ఫయ్యో తారీకంటే ఇరవై నాలుగు రోజులు. నీకు లెక్కలు చెప్పిన మాస్టారెవరో గానీ ఆయన కనబడితే ఆయన్నీ కడిగేస్తాను. మెట్ల మీద పువ్వులు కనబడవా? ఎవరికి? ఆ పువ్వుల్ని రోజూ చూడగలిగిన ఒకే ఒక్క మనిషి పోస్ట్‌మాన్. అతను చూసేది కుక్క కోసం. కుక్క పోయి ఆరేళ్ళయింది, అతనికింకా నమ్మకం కుదరలేదు.

నిన్న ఆసుపత్రిలో అక్క, "గేటు దగ్గర ఆకులు ఊడ్చావుటే?" అంది. ఊడ్చానన్నాను. "అబద్ధం. నీ చేతులు చూస్తేనే తెలుస్తోంది" అంది. నాతో అలా పోట్లాడే మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు లేరు. ఆ మనిషిని బ్యారోఫీల్డ్‌లో పెట్టి, నేనిక్కడ పద్నాలుగు పొగగొట్టాలతో పోట్లాడుకోవాలా?

మెట్లే అడ్డమైతే పోనీ. రేపే ఇల్లంతా నేలమట్టం చేయించేస్తాను. తోటలో గుడారం వేసుకుని అక్కా నేనూ అందులో ఉంటాం. గుడారానికి మెట్లుండవు. దాని మీద నీ గసగసాల పువ్వులూ ఉండవు.

ఇట్లు,
ఒళ్ళు మండిపోతున్న
హెస్టర్ పిల్‌బీమ్.

తా.క. ఏదైనా నాలుగు నకళ్ళు కావాలన్నావు కదా. ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి పంపుతున్నాను. కార్బన్ కాగితం పెట్టలేదు. రాసిన ప్రతిసారీ కోపం కొత్తగా వచ్చింది.


పట్టణ కౌన్సిల్.
9 నవంబరు 1984.

మిస్ పిల్‌బీమ్ గారికి,

మీ ఆరో తారీకు దరఖాస్తు నాలుగు నకళ్ళలో అందింది. నమోదు చేశాం. వివరాలు సరిచూసుకోండి:

పిల్‌బీమ్ టవర్స్‌ను పూర్తిగా పడగొట్టుట. ఆ స్థలమున గుడారము వేసుకొనుట.

రక్షిత కట్టడాన్ని పడగొట్టడం తీవ్రమైన సంగతి కాబట్టి ఇది మామూలు వరసలో కాకుండా అత్యవసర సమావేశానికి వెళ్తుంది. నియమం ప్రకారం ఈ రోజు మీ గేటు ఎదుట దీపస్తంభానికి పసుపు కాగితం కట్టించాం. అభ్యంతరం ఉన్నవారెవరైనా రాయవచ్చు. రాస్తారు. ఈ ఊళ్ళో పసుపు కాగితం కనబడితే చదవకుండా ఎవరూ పోరు.

ఒక్క మాట, ఇది ఉద్యోగం తరఫున కాదు. నేను ఈ శాఖలో పదహారేళ్ళుగా పనిచేస్తున్నాను. ఈ ఊరి పాత ఇళ్ళలో సగం నేను అడ్డం పడబట్టే నిలబడ్డాయి. అలాంటి మనిషికి "గోపురానికి పుట్టిన గబ్బిలం" అని రాయడం పద్ధతి కాదు.

ఇట్లు,
లయొనెల్ టక్‌వెల్.

తా.క. ఆ గబ్బిలం మాట మూడో నకలులో మాత్రమే ఉంది. నాలుగు నకళ్ళూ ఒకేలా ఉండాలని నియమం. మిగతా మూడింటిలో నేనే నా చేత్తో రాసుకున్నాను.


పిల్‌బీమ్ టవర్స్.
13 నవంబరు 1984.

టక్‌వెల్,

గారూ లేదు, నాయనా లేదు. ఉత్త టక్‌వెల్.

కోపంలో అన్న మాటని దరఖాస్తు చేసిన మహానుభావుడివి నువ్వొక్కడివే. రేపు నేను "నా చావు నేను చస్తా" అంటే దానికీ పసుపు కాగితం కడతావా?

శనివారం పొద్దున కిటికీ తెరలు తీస్తే గేటు ముందు నలభై మంది. మడత కుర్చీలు, ఫ్లాస్కులు, దోసకాయ శాండ్‌విచ్‌లు, గొడుగులు. వాళ్ళకి పెద్ద, మన పట్టణ వారసత్వ సంఘం అధ్యక్షురాలు మిసెస్ గేదర్‌కోల్. ఆవిడ చేతిలో అట్ట: "పిల్‌బీమ్ టవర్స్‌ని పిల్‌బీమ్ నుంచి కాపాడండి!" మా ఇంటిని నా నుంచి కాపాడతారట! పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుంది.

నేను గేటు దగ్గరికి వెళ్ళి, "అమ్మా, నేను పడగొట్టడం లేదు, మా అక్క కోసం ర్యాంపు వేయాలి" అన్నాను.

"ర్యాంపా? ఆ మెట్ల మీదా? అయ్యో దేవుడా, పడగొట్టడం కంటే అదే ఘోరం" అందావిడ. అని, నా గోడ మీద టీ కప్పు పెట్టింది.

అంతటితో ఆగిందా? ఆదివారం అభ్యంతర పత్రం పట్టుకుని ఆసుపత్రికి పోయింది. వార్డులో మా అక్క మంచం దగ్గరికే పోయింది. నేను వెళ్ళేసరికి అక్క కళ్ళద్దాలు పెట్టుకుని సంతకం పెడుతోంది!

"ఏమే, బుద్ధుందా? మన మీదే సంతకం పెడతావా?" అన్నాను.

"బుద్ధి నీకు లేదు. తాత కట్టిన గోపురం పడగొట్టి గుడారం వేస్తావా? నేను చస్తే ఆ గోపురం చూస్తూ చస్తాను గానీ గుడారంలో చావను" అంది.

"గోపురం చూడాలంటే ముందు నువ్వు ఇంటికి రావాలి కదే, మొద్దుమొహమా!"

"అది నువ్వు చూసుకో. అన్నీ నేనే చెయ్యాలా?"

నర్సు వచ్చి ఇద్దరినీ కసిరింది. బస్సులో ఏడుపొచ్చింది. నీ మీద కోపంతోనే ఏడ్చాను, బెంగతో కాదు. అది గుర్తుపెట్టుకో.

ఇట్లు,
ఇంటికి శత్రువుగా పేరు మోసిన
హెస్టర్ పిల్‌బీమ్.

తా.క. అభ్యంతర పత్రంలో నా సంతకం కూడా ఉంటుంది. సోమవారం రొట్టెల కొట్లో ఒకావిడ అట్ట చేతికిచ్చి, "ఎవరో మతిపోయిన ముసలమ్మని ఆపాలండీ" అంది. పెట్టేశాను. ఎవరినని తర్వాత చదివాను.


పట్టణ కౌన్సిల్.
16 నవంబరు 1984.

మిస్ పిల్‌బీమ్ గారికి,

నిన్న జరిగిన అత్యవసర సమావేశం నిర్ణయాలు:

పడగొట్టడానికి అనుమతి లేదు. మొత్తం రెండువందల పద్నాలుగు అభ్యంతరాలు వచ్చాయి. దరఖాస్తు పెట్టిన మనిషే అభ్యంతరం చెప్పడం నా ఉద్యోగంలో ఇదే మొదలు. మీ సంతకాన్ని రెండు ఫైళ్ళలో దేనిలో ఉంచాలో గంటసేపు చర్చించారు.

గుడారానికి అనుమతి మంజూరైంది. అది ఆకుపచ్చ రంగులో ఉండాలి, అందులో ఎవరూ నివసించరాదు.

ర్యాంపు గురించి మీరు ఇంతవరకు దరఖాస్తే పెట్టలేదు. పెడితే ఫిబ్రవరి పదకొండున చూస్తారు. మెట్ల పలకల దృష్ట్యా తిరస్కరించవచ్చని ఇప్పుడే చెప్తున్నాను, తర్వాత నన్ననకండి.

మీకు కోపం ఉన్నట్టే నాకూ ఉంది. మాంసం కొట్లో నన్ను చూసి "ఇళ్ళు కూల్చేవాడొచ్చాడు" అన్నారు. చర్చిలో పూలు పెట్టే వరసలోంచి మా ఆవిడ పేరు కొట్టేశారు. ఇరవై రెండేళ్ళుగా ఈస్టర్ లిల్లీలు ఆవిడే పెడుతోంది. ఇంట్లో మూడు రోజులుగా చల్లారిన భోజనం తింటున్నాను. నేను చేసిన పాపమల్లా మీ ఉత్తరాన్ని శ్రద్ధగా చదవడం. జాబితాలో ఉన్నది ఉన్నట్టు ఉండాలి, లేనిది రాకూడదు. అంతే నా పని. ఆ జాబితాలో మీ అక్కగారు లేరు, నేను చేర్చలేను.

ఇట్లు,
ఎల్. టక్‌వెల్.

తా.క. బుధవారం మీరు గోపురం రెండో అంతస్తు కిటికీలోంచి మిసెస్ గేదర్‌కోల్ మీద బకెట్టెడు నీళ్ళు పోశారని ఫిర్యాదు వచ్చింది. ఆ కిటికీ కట్టినప్పటి నుంచీ తెరుచుకోదని మా రికార్డు చెప్తోంది. దాన్ని ఎప్పుడు, ఎవరి అనుమతితో తెరిపించారు?


పిల్‌బీమ్ టవర్స్.
17 నవంబరు 1984.

టక్‌వెల్,

నీ రికార్డు! నీ జాబితా! వినీ వినీ చెవులు తూట్లు పడ్డాయి. ఈ రోజు నీ జాబితా పరువు తీస్తాను. తర్వాత నన్నేం చేసుకుంటావో చేసుకో.

ముందు ఇది విను. ఈ పొద్దున ఆసుపత్రికి వెళ్తే అక్క మంచం పక్కన సంచీ సర్ది ఉంది. బ్యారోఫీల్డ్ అంబులెన్సుకి చెప్పేశారట. అక్క నాతో పోట్లాడలేదు. ఆకులు ఊడ్చావా అని అడగలేదు. "రెండు బస్సులు మారాలిటగా హెస్టీ, వానలో రాకు. నీకు జలుబు పట్టుకుంటుంది" అంది. అంత మెత్తగా అక్క నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఎనభయ్యేళ్ళ మనిషి నోరు మూయించావు కదయ్యా నువ్వు! నీకు తగలకపోదు నా ఉసురు.

ఇక విను. ఉన్నది ఉన్నట్టు ఉండాలా? ఆ మెట్ల మీద ర్యాంపు ఉండేది! 1958లో మా అమ్మ కాళ్ళు పడిపోతే వేయించాం. ఇరవై అడుగుల పొడుగు, టేకు చెక్క, గోడకీ నేలకీ బోల్టులు కొట్టి బిగించింది, రెండు పక్కలా పట్టుకోడానికి కమ్మీలు. మూడేళ్ళకి అమ్మ పోయింది. ర్యాంపు అలాగే ఉంది. దాని మీద జెరానియం కుండీలు పెట్టాం. 1974లో మీ మనిషి జాబితా రాయడానికి వచ్చాడు. గొడుగు కింద, గేటు బయట, ఏడంటే ఏడు నిమిషాలు నిలబడ్డాడు. ఫోటో కూడా తీశాడు. అప్పుడు ర్యాంపు అక్కడే ఉంది. గసగసాల పువ్వులు చూసి రాశానన్నాడా? ర్యాంపు కింద ఉన్న పువ్వులు ఆయనకెలా కనబడ్డాయి? మా తాత దగ్గుబిళ్ళల పాత ప్రకటన కాగితం మీది ఇంటి బొమ్మలోంచి ఎక్కించుకున్నాడు!

1976 వేసవిలో అక్క గొడ్డలి తీసుకుంది. "ఈ దరిద్రం మన వాకిలికి ఆసుపత్రి మొహం తెచ్చిపెట్టింది" అని ముక్కలు ముక్కలు చేసింది. నేను తోపుడు బండి పట్టుకున్నాను. మేం ఎవరినీ అడగలేదు. తర్వాత ఎవరో అన్నారు, రక్షిత కట్టడంలోంచి ఏది పీకినా జైలని. అక్క భయపడి నా చేత ఒట్టు వేయించుకుంది, ప్రాణం పోయినా ర్యాంపు మాట ఎత్తొద్దని. అందుకే ఇన్నాళ్ళూ ఎత్తలేదు. ఇప్పుడు ఒట్టు తీసి గట్టున పెట్టాను.

ఎనిమిదేళ్ళు! ఇరవై అడుగుల ర్యాంపు మాయమైతే ఎనిమిదేళ్ళుగా మీలో ఒక్కడికీ తెలియలేదు! ఎలుక తోక తెగితే కేసు పెట్టేవాళ్ళు ఏనుగు పోయినా చూసుకోలేదు. నువ్వు కాపాడేది ఇళ్ళని కాదు, కాగితాలని.

పోలీసుల్ని పంపించు. నేను సిద్ధం. అక్క కూడా నేరస్తురాలే, గొడ్డలి తనదే. మా ఇద్దరినీ ఒకే గదిలో వేయండి, అంతకంటే ఇంకేం అడగను. జైలుకి మెట్లున్నా అక్కడ మోసుకెళ్ళడానికి మగవాళ్ళుంటారు.

ఇట్లు,
నేరం ఒప్పుకుంటూ, పశ్చాత్తాపం ఏ కోశానా లేని
హెస్టర్ పిల్‌బీమ్.

తా.క. ఆ టేకు చెక్క డ్రాయింగ్ రూమ్ పొయ్యిలో చలికాలమంతా కాలింది. మీ రక్షిత కట్టడం వెచ్చగా ఉన్నది ఆ ఒక్క చలికాలమే.


పట్టణ కౌన్సిల్.
20 నవంబరు 1984.

మిస్ హెస్టర్ పిల్‌బీమ్, మిస్ డోర్కస్ పిల్‌బీమ్‌లకు,

ఇది ఉత్తరం కాదు, ఉత్తర్వు.

మీ పదిహేడో తారీకు నేరాంగీకారం అందింది. 1974 నాటి ఫోటో తీయించి భూతద్దంతో చూశాను. మెట్ల మీద ర్యాంపు ఉంది. దాని మీద తొమ్మిది జెరానియం కుండీలు ఉన్నాయి. గోడకి బోల్టులు కొట్టి బిగించి ఉంది కాబట్టి జాబితాలో చేరిన రోజున అది పిల్‌బీమ్ టవర్స్‌లో భాగం. అంటే రక్షిత కట్టడం. ఒక రక్షిత కట్టడాన్ని గొడ్డలితో నరికి పొయ్యిలో పెట్టిన వారిని నా ఉద్యోగంలో ఇంతవరకు చూడలేదు. ఆ చేసినదాన్ని నవ్వుతూ రాసినవారిని అసలే చూడలేదు. నాకు ఎంత కోపం వచ్చిందో రాయడానికి ప్రభుత్వ కాగితం సరిపోదు.

కాబట్టి ఆజ్ఞాపించడమైనది: సదరు ర్యాంపును మీరు యథాస్థానంలో తిరిగి నిర్మించాలి. ఇరవై అడుగుల పొడవు, టేకు చెక్క, రెండు పక్కలా కమ్మీలు. ఇంటికి కొత్తగా ఏదీ చేర్చడం లేదు, పోయినదాన్ని పెడుతున్నారు కాబట్టి దరఖాస్తు అక్కర్లేదు. నకళ్ళు అక్కర్లేదు. సమావేశం అక్కర్లేదు. మెట్ల పలకలు కనబడవన్న అభ్యంతరం చెల్లదు. జాబితా రాసిన రోజున కూడా అవి కనబడలేదని మీరే తెలియజేశారు. గడువు ఈ నెల ఇరవై తొమ్మిది. దాటితే ఇద్దరి మీదా కేసు పెడతాను. పెట్టకపోతే నా పేరు టక్‌వెల్ కాదు.

మిసెస్ గేదర్‌కోల్‌కి నిన్న ఈ సంగతి చెప్పాను. ఊరి వారసత్వ సంపద ఒకటి ఎనిమిదేళ్ళ కిందటే తగలబడిపోయిందని విని ఆవిడ కుర్చీలో కూలబడింది. తేరుకున్నాక మండిపడింది. శనివారం పొద్దున సంఘం తరఫున ముగ్గురు వడ్రంగులతోనూ టేకు చెక్కతోనూ వస్తుంది. మిమ్మల్ని నమ్మనంది. దగ్గరుండి కట్టిస్తుందట. దయచేసి నీళ్ళు పోయకండి.

ఇట్లు,
లయొనెల్ టక్‌వెల్,
కట్టడాల పరిరక్షణ అధికారి.

తా.క. ర్యాంపు వాలు పాతదానిలాగే ఉందో లేదో తేల్చాలంటే చక్రాల కుర్చీలో ఒక మనిషి దాని మీదుగా ఇంట్లోకి వెళ్ళి చూపించాలి. కౌన్సిల్ ఉద్యోగుల్లో అలాంటివారు లేరు. ముప్ఫయ్యో తారీకు ఉదయం పది గంటలకి తనిఖీకి వస్తాను, ఒకరిని మీరే ఏర్పాటు చేసుకోండి. తనిఖీ అయ్యాక ఆ మనిషిని మళ్ళీ కిందికి దింపాలన్న నిబంధన కోసం పుస్తకం రెండుసార్లు తిరగేశాను. ఎక్కడా లేదు.